మన కాలనీ నాయకులు ఒక్కసారి కోదండాపూర్ చూసి రావాలి

పోయిన ఎండాకాలం మూడు రోజులు నల్లా రాలేదు. కాలనీ అంతా నా మీద పడింది, నేను నీళ్లు వదిలే లైన్‌మన్ మీద పడ్డాను. నడిరోడ్డు మీద, నలుగురి ముందు, నోటికొచ్చినట్టు అనేశాను. వాల్వ్ తిప్పే కడ్డీ చేతిలో పట్టుకుని తల వంచుకుని విన్నాడు. "సార్, మీదికెళ్లే వస్తలేవు, నేనేం చేయాలె" అన్నాడు. ఆ "మీదికెళ్లి" అంటే ఎక్కడో, పదేళ్లుగా సంఘం కార్యదర్శిగా ఉన్న నాకు తెలియదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకే మొన్న చుట్టుపక్కల కాలనీల కమిటీల వాళ్లం పదహారు మందిమి వ్యాన్ మాట్లాడుకుని, అనుమతి తీసుకుని, హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లు శుద్ధి చేసే నల్గొండ జిల్లా కోదండాపూర్ వెళ్లాం. నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన ఉంది. అంటే మనకొచ్చే కృష్ణా నీళ్లలో ప్రతి చుక్కనూ వెయ్యి అడుగులకు పైగా ఎత్తాలి. సాగర్ నుంచి అక్కంపల్లి జలాశయం, అక్కడి నుంచి కోదండాపూర్, అక్కడ శుద్ధి చేసి నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా గున్‌గల్. అక్కడి నుంచి పల్లం కాబట్టి నీళ్లు వాటంతటవే నగరంలోని సాహెబ్‌నగర్‌కు దిగుతాయి. ఈ పథకం 2004లో మొదలై మూడు దశలయ్యాయి, ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు.

పంపు హాల్లో అడుగు పెట్టగానే కాళ్ల కింద నేల అదురుతుంది. పక్క మనిషి మాట వినపడదు. అక్కడి ఇంజనీరు రెండు గ్లాసులు చూపించారు. ఒకటి వచ్చిన నీళ్లు, మట్టి రంగు. ఇంకోటి పటిక కలిపి, తేర్చి, ఇసుక పడకల్లో వడగట్టాక. కరెంటు ఒక్క క్షణం పోయినా మోటార్లన్నీ ఆగిపోతాయట. మళ్లీ ఒక్కొక్కటే నడిపించి, ఖాళీ అయిన పైపులు నింపేసరికి నగరంలో సరఫరా వేళలన్నీ తారుమారు. మా లైన్‌మన్ చెప్పిన "మీదికెళ్లి" ఇదే.

వచ్చేటప్పుడు మూసీ దగ్గర మురుగు శుద్ధి కేంద్రం కూడా చూశాం. ఇక్కడ నాకు అసలు బాధ కలిగింది. 2021లో నగరానికి 31 కొత్త కేంద్రాలు మంజూరైనప్పుడు చాలా చోట్ల "మా దగ్గర వద్దు, వాసన" అని గొడవలయ్యాయి. నేనూ ఒక అర్జీ మీద సంతకం పెట్టాను. మా డ్రైనేజీ మాత్రం ఏ శుద్ధీ లేకుండా ఊరి చెరువులోకి, అక్కడి నుంచి మూసీలోకి పోతూనే ఉంది. ఆ మూసీ వెళ్లేది ఎక్కడికి? యాదాద్రి, నల్గొండ పొలాల్లోకి. మనకు మంచినీళ్లు నల్గొండ నేల మీదుగా వస్తాయి. మన మురుగు తిరిగి ఆ నల్గొండ రైతు మడిలోకే పోతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా అది. ఇది తెలిశాక ఆ సంతకం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

మన మీటింగుల్లో ఏం మాట్లాడతాం? సీసీ రోడ్డు, స్పీడ్ బ్రేకర్, గేటు, సీసీ కెమెరాలు. అవీ కావాలి, కాదనను. కానీ సబ్‌స్టేషన్‌కు జాగా ఇవ్వం, వోల్టేజీ మాత్రం తగ్గకూడదు అంటే ఎలా? కాలనీ పెద్దలం మనమే ఇలా ఉంటే, నిన్న ఫ్లాట్ కొనుక్కుని వచ్చినవాళ్లకు ఎవరు చెప్తారు?

నగరానికి నీళ్లిచ్చే జలమండలి ఏడాదికి రెండుసార్లు సంఘాల వాళ్లను ఇలా తీసుకెళ్లే ఏర్పాటు చేయాలి. బస్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం. కొత్త కార్పొరేటర్లు, కొత్త కమిటీలు మొదటి నెలలోనే చూసి రావాలి.

మా సంఘం ఎన్నికలు దగ్గరకొచ్చాయి. పోటీ చేసే ప్రతి ఒక్కరినీ వేదిక మీదే అడుగుతాను: మన మురుగు ఏ చెరువులోకి పోతోంది, చూసి వచ్చారా? ఆ అర్జీ మీద నా సంతకం వెనక్కి తీసుకుంటూ నిన్ననే ఉత్తరం ఇచ్చాను. లైన్‌మన్‌కు కూడా అదే రోడ్డు మీద, అందరి ముందే క్షమాపణ చెప్పాను.