కేకల సంప్రదాయాన్ని కాపాడుకుందాం

విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ ముందు నిలబడి గొంతు చించుకోవడం మనకు ఎవరూ నేర్పని విద్య. బస్టాండులో కండక్టర్ మీద, కరెంటాఫీసులో లైన్‌మన్ మీద, రేషన్ షాపులో డీలర్ మీద ఏళ్ల తరబడి సాధన చేసి, నాలుగు డబ్బులు చేతిలో ఆడి విమానం ఎక్కే స్తోమత వచ్చాక శంషాబాద్ దాకా మోసుకెళ్లిన విద్య. ఇప్పుడు దానికి గడ్డుకాలం వచ్చింది. ఎయిర్‌లైన్ల వల్ల కాదు. గొంతు పెంచకుండా, కుర్చీ వెతుక్కుని కూర్చుని, కాగితం మీద ఫిర్యాదు రాసే ఒక రకం మనుషుల వల్ల. అలాంటివాళ్లు మన కుటుంబాల్లోకి కూడా చొరబడ్డారు కాబట్టి తెలుగు ప్రజలను హెచ్చరించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు మన పద్ధతిలోని అందం చూడండి. "కౌంటర్ క్లోజ్ అయింది సర్" అని ఆ అమ్మాయి అనగానే మనం వెనక్కి తిరిగి క్యూ వైపు చూస్తాం, ప్రేక్షకులు సరిపడా ఉన్నారా లేదా అని. ఉన్నారనుకున్నాక మొదలుపెడతాం. మొదటి మాట ఇంగ్లిషులోనే ఉండాలి, "వాట్ నాన్సెన్స్" లాంటిది. దాంతో మన ఇంగ్లిషు అయిపోతుంది కాబట్టి హిందీలోకి దిగుతాం, అదీ అడుగంటాక హాయిగా తెలుగులోకి వస్తాం. "నేనెవరో తెలుసా?" అన్న ప్రశ్న మాత్రం ఏ భాషలో అడిగినా ఒకటే శ్రుతి. మనమెవరో ఆమె ముందున్న స్క్రీన్ మీద పీఎన్ఆర్ పక్కనే ఉంటుంది, ఇంటిపేరులో ఒక తప్పుతో సహా. ఆ తర్వాత "మీ మేనేజర్ని పిలవండి" అంటాం. మేనేజర్ అంటే ఆమెకన్నా ఓ రెండేళ్లు పెద్దవాడైన, చేతిలో వాకీటాకీ ఉన్న కుర్రాడు. అతనొచ్చి సారీ చెబుతాడు. విమానం వెళ్లిపోతుంది. మనం "గట్టిగా ఇచ్చేశాను" అన్న తృప్తితో బయటికొస్తాం. ఆ తృప్తికి ఖరీదు కట్టగలరా ఎవరైనా? కట్టగలరు లెండి, మర్నాటి టికెట్ ధర ఎంతో అంత.

ఈ సంప్రదాయమంటే ఎయిర్‌లైన్లకూ ఎంతో గౌరవం. అందుకే నిర్ణయాలు తీసుకునే మనిషిని మన కేక వినిపించే దూరంలో ఎప్పుడూ కూర్చోబెట్టవు. కౌంటర్‌లో ఉన్న పిల్ల యూనిఫాం మీద ఎయిర్‌లైన్ బొమ్మ ఉంటుంది, కానీ చాలాచోట్ల జీతమిచ్చేది గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఇంకో కంపెనీ. ఆమె విమానం ఆపలేదు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు, లేని సీటు పుట్టించలేదు. కొందరు ఎలాగూ రారన్న లెక్కతో ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మమని చెప్పిన పెద్దమనిషి వేరే ఊళ్లో ఏసీ గదిలో ప్రశాంతంగా ఉంటాడు. తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ ఎక్కి డ్యూటీకొచ్చిన ఆ పిల్ల ఆయనకు పడాల్సిన తిట్లన్నీ తింటుంది. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుందో నాకర్థం కాదు.

ఈ విద్యలో మహామహులున్నారు. 2017 మార్చిలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్, బిజినెస్ క్లాసే లేని విమానంలో తనకు బిజినెస్ క్లాస్ సీటు దక్కలేదన్న గొడవలో ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టానని టీవీల ముందు తానే చెప్పుకున్నారు. జూన్‌లో మన విశాఖలో, అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి కౌంటర్ మూసేశాక వచ్చి, బోర్డింగ్ పాస్ ఇవ్వనన్నందుకు ప్రింటర్ ఎత్తి పడేశారని ఆరోపణ వచ్చింది. ఇద్దరినీ ఎయిర్‌లైన్లు కొన్నాళ్లు విమానం ఎక్కనివ్వలేదు. సెప్టెంబరు నాటికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఏకంగా నిబంధనలే తెచ్చింది. నోటి దురుసుకు మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, అంతకు మించితే రెండేళ్లు, ఆ పైన కూడా విమానాలకు దూరం. అంటే మనం ఫిర్యాదు చేసే తీరు చూసి ఫిర్యాదు చేసేవాళ్ల మీదే నిబంధన వచ్చిందన్నమాట. మనం అరిచామని ఎయిర్‌లైన్ ఫిర్యాదు చేస్తే రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ కూర్చుని 30 రోజుల్లో తేల్చేయాలి. ఈ దేశంలో ఇంత చురుగ్గా తేలే ఫిర్యాదు ఇంకోటి ఉంటే చూపించండి.

ఇక మా తోడల్లుడి విషయానికొద్దాం. ఆయన రెవెన్యూ శాఖలో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జనం రాసిచ్చిన అర్జీలను ఏళ్ల తరబడి కదలనివ్వకుండా ఉంచినవాడు కాబట్టి, ఏ అర్జీని కదలకుండా ఉంచడం కష్టమో ఆయనకు బాగా తెలుసు. అలాంటి మనిషితో కలిసి కాశీ ప్రయాణం పెట్టుకున్నాం. రెండు జంటలం, టికెట్లు ఎవరివి వాళ్లే తీసుకున్నాం.

క్యూలో నిలబడ్డాం. అందరూ ఫోన్లో రీల్స్ చూసుకుంటుంటే ఆయన ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెట్టాడు. "మేము నలుగురం ఇప్పుడు మీ కౌంటర్ ముందు వరసలో ఉన్నాం. మా పీఎన్ఆర్ నంబర్లు ఇవి." అంతే. ఇదేం పిచ్చి అన్నయ్యా అంటే, "టైము పడుతుంది కదా తమ్ముడూ, మెయిల్ మీద" అన్నాడు. దేశీయ విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేసే ఎయిర్‌లైన్లు చాలా ఉన్నాయని, తర్వాత గొడవైతే మనం ఎప్పుడొచ్చామో చెప్పే కంప్యూటర్ వాళ్లదేనని ఆయన అనుమానం. తోటి మనిషిని నమ్మలేకపోవడం ఒక జబ్బు.

మా వంతు వచ్చేసరికి విమానం నిండిపోయిందన్నారు. నేను వెంటనే నా బాధ్యతలోకి దిగాను. మూడు భాషలూ వాడాను. క్యూలో ఇద్దరు ముగ్గురు వీడియో తీశారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఆ సందడిలో మా తోడల్లుడు పక్క కౌంటర్ దగ్గరికెళ్లి, "టిఫిన్ చేశావా అమ్మా?" అని అడిగాడు. శత్రువుని అడిగే మాటేనా అది? చెయ్యలేదంది. అప్పుడు అడిగాడట, సీటు వదులుకోవడానికి ఇష్టమున్నవాళ్లెవరైనా ఉన్నారా అని ముందు ప్రయాణికులను అడిగారా అని. అలా అడగాలని డీజీసీఏ నిబంధన ఉందట. అడగలేదని ఆమె నిజమే చెప్పింది. అయితే మమ్మల్ని ఎందుకు ఎక్కించుకోవడం లేదో ఒక కాగితం మీద రాసివ్వమన్నాడు. ఇవ్వడం కుదరదంది. "పోనీ కుదరదన్న మాటే రాసివ్వు తల్లీ" అన్నాడు. ఆమె లోపలికెళ్లి ఎవరితోనో మాట్లాడొచ్చి, ఓవర్‌బుకింగ్ అని రాసి, ముద్ర వేసిచ్చింది.

కన్ఫర్మ్ టికెట్‌తో టైముకు వచ్చినవాణ్ని ఎక్కించుకోకపోతే గంటలోపు బయల్దేరే ఇంకో విమానంలో పంపాలి. అది కుదరక 24 గంటల్లోపు పంపితే, ఒకవైపు ప్రాథమిక ఛార్జీకీ ఇంధన ఛార్జీకీ కలిపి రెట్టింపు, 10,000 రూపాయలు మించకుండా ఇవ్వాలి. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, 20,000 మించకుండా. 2016 నుంచి ఉన్న లెక్క ఇది. ఈ లెక్క తెలిసిన మనిషి కౌంటర్ దగ్గరికి వస్తే సిబ్బంది ముఖాల్లో కళ తప్పుతుంది. అరిచేవాణ్ని చూసినప్పుడు ఉండే ఆ నిబ్బరం ఉండదు.

వాళ్లిద్దరినీ సాయంత్రం విమానంలో పంపారు, భోజనం పెట్టి మరీ. మా ఇద్దరి సంగతి వేరు. నా పీఎన్ఆర్ ఎదురుగా "ప్యాసింజర్ లేటుగా వచ్చారు, దురుసుగా ప్రవర్తించారు" అని కంప్యూటర్‌లో ఎక్కించారట. లేటుగా వచ్చినవాడికి నిబంధనలో పైసా లేదు. ఆత్మగౌరవం ఉన్నవాణ్ని కాబట్టి మర్నాటికి సొంత డబ్బుతో టికెట్లు కొన్నాను. నష్టపరిహారం అంటూ చెయ్యి చాచడం మా వంశంలో లేదు. మా ఆవిడ కాశీలో ఉన్నన్నాళ్లూ గంగమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. కాశీ వెళ్తే ఇష్టమైనది ఏదో ఒకటి వదిలేసి రావాలంటారు కదా, కేకలు వదిలేయమని తోడల్లుడు సలహా ఇచ్చాడు. నేను కాకరకాయ వదిలేశాను.

తిరిగొచ్చాక ఆయన రాసిన ఉత్తరం చదివాను. సాహిత్యం దృష్ట్యా చాలా పేలవమైన రచన. ఒక్క పేజీ. తేదీ, విమానం నంబరు, పీఎన్ఆర్, జరిగింది నాలుగు ముక్కల్లో, వర్తించే నిబంధన, తనకు రావలసిన మొత్తం, ఎన్నాళ్లలో కావాలో. "మానవత్వం చచ్చిపోయిందా?" అన్న వాక్యం ఎక్కడా లేదు. వయసులో పెద్దవాళ్లమన్న మాట లేదు. ఆ పిల్ల గురించి రాసిందల్లా ఆమె మర్యాదగా ప్రవర్తించిందని. దీన్ని ఎయిర్‌లైన్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాడు. ప్రతి ఎయిర్‌లైన్‌కూ అలాంటి అధికారి, ఆ పైన అప్పీలు వినే అధికారి ఉంటారని, వాళ్ల పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టాలని నాకు అప్పుడే తెలిసింది. పెడతారు, ఎవరూ చూడని మూల. ముందు ఆర్నెల్లు చెల్లే వోచర్ ఇస్తామన్నారు. "వద్దు, డబ్బే కావాలి" అని ఏకవాక్య జవాబు. తర్వాత విమానయాన శాఖ 2016లో తెచ్చిన ఎయిర్‌సేవా అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టి, అక్కడిచ్చిన ఫిర్యాదు నంబరు కింద వేసి అప్పీలు పంపాడు. డబ్బు ఖాతాలో పడింది. ఎంత పడిందో ఆయన చెప్పలేదు, మా వదిన మా ఆవిడకు చెప్పింది.

ఇలాంటివాళ్ల వల్ల దేశానికి జరిగే నష్టం చిన్నది కాదు. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ప్రింట్ తీసిచ్చినందుకు 200 రూపాయల దాకా వసూలు చేసుకునేవాళ్లు పాపం కొందరు. ఎవరో రాశారు, 2022 జులైలో విమానయాన శాఖ వద్దనేసింది. అదే ఏడాది మే నెలలో రాంచీలో ఒక దివ్యాంగ బాలుణ్ని ఇండిగో విమానం ఎక్కనివ్వలేదు. అప్పుడు పక్కనున్న ప్రయాణికురాలు కళ్లతో చూసింది చూసినట్టు రాసి అందరి ముందూ పెట్టింది. డీజీసీఏ ఐదు లక్షల జరిమానా వేసింది. దీని మీద నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకు పోదాం.

అమెరికా వెళ్లే అమ్మానాన్నల సంగతి కూడా చెప్పాలి. పెట్టె 23 కిలోలు దాటిందని కౌంటర్ ముందే నేల మీద పెట్టె విప్పించి, ఆవకాయ సీసా ఒక చేత, మనవడి స్వెట్టర్లు ఒక చేత పట్టించి నిలబెట్టే ఆ దృశ్యం మన వలస చరిత్రలో భాగం. ఇంటి దగ్గర కొక్కెం కాటాతో తూస్తే 22.8 వచ్చిందని నాన్న అంటాడు. వాళ్ల కాటా వాళ్లదే. పక్క కౌంటర్ కాటా మీద ఇంకోసారి తూచమని అడగొచ్చన్న దుర్మార్గపు ఆలోచన మన పెద్దలకు రాదు. పెట్టె పగిలి సామాను ఎర్రనూనెలో తేలుతూ వచ్చినా ఇంటికెళ్లి తిట్టుకోవడమే మన ఆనవాయితీ. తోడల్లుడి బాపతు వాళ్లయితే బెల్ట్ దగ్గరే, సామానుకు ఏమైందో నమోదు చేసే పీఐఆర్ అనే కాగితం రాయించుకుని గానీ బయటికి రారు. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలట. మనకు ఏడు రోజులూ బంధువులకు ఫోన్ చేసి చెప్పుకోవడానికే చాలవు.

చివరి ఆయుధం వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక ఎయిర్‌లైన్ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, గడువు రెండేళ్లు. అనుమానం ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వమే ఇలా కాగితాలవాళ్లను ప్రోత్సహిస్తుంటే ఇక కేకలవాళ్లకు దిక్కెవరు? పైగా వాయిదాల మీద వాయిదాలు పడతాయని మనం భయపెడితే మా తోడల్లుడి కళ్లు మెరుస్తాయి. ముప్ఫై ఏళ్లు వాయిదాలు వేసిన మనిషి, అవతలివాడు వేస్తుంటే చూడాలని సరదాగా ఉందంటాడు.

ఆ సరదా ఇప్పుడు నా మీదికొచ్చింది. క్యూలోంచి ఆయన పెట్టిన మెయిల్‌లో మా నలుగురి పీఎన్ఆర్‌లూ ఉన్నాయి కాబట్టి నేనూ టైముకే వచ్చానని రుజువవుతుందని, గడువు ఇంకా ఉందని మా ఆవిడ నాకు తెలియకుండా వెళ్లి ఆయనతో కేసు రాయించుకొచ్చింది. ఒక్క పేజీ. సంతకం పెట్టమంటోంది. కనీసం "సిగ్గులేని" అన్న మాట ఒక్కచోటైనా పడితే గానీ పెట్టనన్నాను. తోడల్లుడు ఒప్పుకోవడం లేదు. మధ్యవర్తిగా వదిన వచ్చింది, "బాధ్యతారహితంగా" దగ్గర రాజీ పడమంటోంది. చర్చలు సాగుతున్నాయి.