ఇంజన్ లేని బస్సుకి టిక్కెట్టు కొట్టిన బాబాయ్

మా కాలనీ సెక్రటరీ గారు ఆ మధ్య కోల్‌కతా వెళ్లొచ్చారు. అక్కడ ఎస్ప్లనేడ్‌లో 1938 నాటి ట్రామునే మ్యూజియంగా మార్చి ‘స్మరణిక’ అని పేరు పెట్టారట, ఒక పెట్టెలో కాఫీ, ఇంకో పెట్టెలో చరిత్ర. వచ్చిన దగ్గర్నుంచీ మనమూ ఒకటి పెట్టాలని ఒకటే పోరు. శాశ్వతంగా కాదు, ఒక్క ఆదివారం చాలన్నారు. బెజవాడలో ట్రాములు ఎప్పుడూ లేవు కదండీ అంటే, “ట్రాము లేకపోతే ఏం, మనకి ఆటోనగర్ లేదా?” అన్నారు. ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అన్నట్టుగానే ఆటోనగర్‌లో తుక్కుకి వచ్చిన ఒక పాత సిటీ బస్సు అద్దెకి దొరికింది. ఇంజన్ లేదు, గేర్ బాక్స్ లేదు, మిగతాదంతా భేషుగ్గా ఉంది. క్రేన్‌తో లాక్కొచ్చారు గానీ కమ్యూనిటీ హాలు గేటులో పట్టలేదు. గేటు కొలవాల్సింది ఎవరన్న దాని మీద మా కాలనీలో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. క్రేన్ అతను గంట లెక్కన డబ్బులడుగుతుంటే కంగారుపడి రోడ్డు పక్కనే దింపించేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టారు. దింపిన చోటు సరిగ్గా బస్టాపు ముందు.

గైడ్‌గా మా బాబాయ్‌ని పెట్టారు. బాబాయ్ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పిన్ని బీరువా అడుగున దాచిన ఖాకీ డ్రెస్సు తీసి ఇస్త్రీ చేసింది. బొత్తాలు పెట్టుకోవడానికి ఇద్దరం సాయం పట్టాల్సొచ్చిందనుకోండి, అది వేరే సంగతి. విజిల్ మెళ్లో పడగానే మనిషి మారిపోయారు. టిక్కెట్ల కట్టలు చేతికిస్తే ఒకసారి బొటనవేలితో జరజరా తిప్పి, “పంచ్ ఏదీ?” అన్నారు. మ్యూజియం టిక్కెట్టుకి పంచ్ ఎందుకు బాబాయ్ అంటే, పంచ్ కొట్టనిది టిక్కెట్టే కాదు పొమ్మన్నారు.

లోపల చార్టులు మాత్రం పిల్లలు చాలా బాగా చేశారు. 1829లో లండన్‌లో షిల్లిబీర్ నడిపిన మూడు గుర్రాల ఓమ్నిబస్సు, 1873లో కలకత్తా వీధుల్లో గుర్రాలు లాగిన ట్రాము, 1895లో మొదలై 1953లో ఆగిపోయిన మద్రాసు కరెంటు ట్రాములు, 1926లో బొంబాయి మొదటి బస్సు, అన్నీ రంగు పెన్సిళ్లతో గీశారు. మన ఊరికొచ్చేసరికి బందరు కాలువలో పడవ, సైకిల్ రిక్షా, సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట ఒకప్పటి రైలు పట్టాలు. చివర్లో, డ్రైవర్ సీటు పక్కన, ఎప్పట్నుంచో వస్తుందంటున్న విజయవాడ మెట్రో, థర్మకోల్‌తో చేసింది. బాబాయ్ అన్నిటినీ తనిఖీ చేసినట్టు చూసి, ఒక్క చార్టు దగ్గర ఆగారు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు సర్వీసులు మొదలుపెట్టారని ఉంది అందులో. “బండికి ఆరుగురు! ఒక్కడికీ డబల్ డ్యూటీ పడుండదు, మహారాజులు” అని నిట్టూర్చారు. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడిందన్న చార్టుకి మాత్రం దణ్ణం పెట్టుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అందం కోసమని ఎవరో కుర్రాడు బస్సు నెత్తిన ‘పాత బస్టాండ్ – బెంజ్ సర్కిల్ – ఆటోనగర్’ అని బోర్డు తగిలించాడు. తొమ్మిదింటికి ప్రారంభోత్సవమన్నారు. ఎనిమిదిన్నరకే కిటికీలోంచి ఒక కర్చీఫు వచ్చి సీట్లో పడింది, దాని వెనకే ఒక సంచీ, ఆ వెనక మనుషులు.

వాళ్లంతా మ్యూజియం చూడ్డానికి వచ్చారనుకుని సెక్రటరీ గారు పొంగిపోయారు. బాబాయ్‌కి అసలు విషయం తెలిసే ఉంటుందని నా అనుమానం. కానీ నిండుగా ఉన్న బస్సు, చేతిలో టిక్కెట్లు, ఇన్నేళ్ల తర్వాత. ఆయన్ని ఆపడం ఎవరి తరం? “లోపలికి జరగండి, మధ్యలో అంతా ఖాళీయే” అంటూ టక్ టక్‌మని పంచ్ కొట్టుకుంటూ పోయారు. మనిషికి పది రూపాయలు. ఆడవాళ్లు ఆధార్ కార్డులు చూపించారు. స్త్రీ శక్తి పథకం వచ్చాక సిటీ బస్సులో ఆడవాళ్లని డబ్బులడిగే మొనగాడెవడు? బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించి వాళ్లందరికీ ఫ్రీ అన్నారు. మా మ్యూజియం ఆదాయం సగానికి సగం అక్కడే పోయింది. ఒకాయన 500 నోటిస్తే టిక్కెట్టు వెనక 490 అని రాసి, “దిగేటప్పుడు అడగండి” అన్నారు.

సెక్రటరీ గారు రిబ్బన్ కత్తిరిద్దామని కత్తెర పట్టుకుని వచ్చేసరికి ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే జాగా లేదు. లోపల్నుంచి ఎవరో “ఇంకా ఎంతసేపండీ, ఆఫీసుకి టైమవుతోంది” అని అరిచారు. “ఇది కదలదండీ, మ్యూజియం” అని ఈయన చెప్తే, “బస్సు కదలదని చెప్పడానికి కొత్త పేరు పెట్టారా?” అన్నాడు ఒక పెద్దమనిషి. ఇంతలో వెనక నిలబడ్డ కుర్రాళ్లు, బ్యాటరీ డౌన్ అయ్యుంటుంది, తోస్తే అదే అందుకుంటుందని దిగి, ఇటుకలు లాగేసి, జై ఆంజనేయ అంటూ తోశారు.

కదిలింది! కదలగానే బాబాయ్ గాలి బిగబట్టి విజిలేసి “రైట్ రైట్!” అన్నారు. డ్రైవర్ సీట్లో ఎవరూ లేరన్న సంగతి ముందు కూర్చున్నావిడ చూసి కెవ్వుమంది. స్పీడ్ బ్రేకర్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా మ్యూజియం నిజంగానే బెంజ్ సర్కిల్ చేరేది. రోడ్డుకి అడ్డంగా ఆగింది. వెనక హారన్ల మోత. ఆ హారన్లలో నిజం సిటీ బస్సు కూడా ఒకటుంది, దాని కండక్టర్ దిగి వచ్చి బాబాయ్‌ని చూసి, “ఏంటి గురువుగారూ, మళ్లీ డ్యూటీ ఎక్కారా?” అని నమస్కారం పెట్టాడు.

బాబాయ్ ఏమాత్రం తొణక్కుండా, “బ్రేక్‌డౌన్ రా. మా ప్యాసింజర్లని నీ బండిలో ఎక్కించుకో, టిక్కెట్లున్నాయి” అన్నారు. అతను ఒక టిక్కెట్టు తీసుకుని చదివాడు. ‘రవాణా మ్యూజియం – ప్రవేశం రూ. 10’.

“బ్రేక్‌డౌన్ అవ్వాలంటే ముందు బండి నడవాలి కదండీ గురువుగారూ.”

“నడిచింది. అదిగో, ఆ కరెంటు స్తంభం దగ్గర్నుంచి ఇక్కడిదాకా.”

ఆడవాళ్లకి ఇబ్బంది లేదు, అదే ఆధార్ కార్డుతో ఆ బస్సెక్కేశారు. మగవాళ్లు మాత్రం సెక్రటరీ గారి చుట్టూ మూగి, పదేసి రూపాయలూ వసూలు చేసుకునిగానీ కదల్లేదు. 490 బాకీ ఆయనకి కూడా సెక్రటరీ గారే తన జేబులోంచి ఇచ్చుకున్నారు పాపం, లెక్క తేలేదాకా సంచీలో డబ్బు ఎవరికీ ఇచ్చేది లేదని బాబాయ్ దాన్ని చంకలో బిగించేశారు.

బస్సంతా ఖాళీ అయ్యాక చూస్తే ఒక మామ్మగారు మాత్రం కిటికీ పక్క సీట్లో కదలకుండా కూర్చునుంది. గాలి బాగా వస్తోందిట. తర్వాత మెల్లగా లేచి షిల్లిబీర్ గుర్రాల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చార్టూ శ్రద్ధగా చూసుకుంటూ ముందుకొచ్చింది. థర్మకోల్ మెట్రో దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, “ఈ బండి ఎప్పుడొస్తుంది నాయనా?” అనడిగింది.

బాబాయ్ టిక్కెట్ల కట్ట సర్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నారు.

“వెనకాలే వస్తోందమ్మా. ఖాళీగా ఉంది.”