కౌంటరుకు అటూ ఇటూ: చిన్న క్రైస్తవ విద్యాసంస్థ చేయగల పని

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి వచ్చి క్రైస్తవ కళాశాలల్లో చేరే తెలుగు పిల్లల్లో ప్రభుత్వ పాలనాశాస్త్రం (పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) తీసుకునేవారు నాకు కనిపించినంతలో కొద్దిమందే. వారు కూడా సివిల్స్‌ను మనసులో పెట్టుకునే చేరతారు. సోషల్ వర్క్ వైపు వెళ్లేవారు ఇంకా తక్కువ. ఈ రెండు శాఖలూ ఒకే ప్రాంగణంలో ఉన్నచోట కూడా ఒక శాఖ విద్యార్థి రెండో శాఖ గడప తొక్కకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోవచ్చు. ఈ రెండింటినీ ఒకే చదువుగా చెప్పాలని, ఆ పని పెద్ద విశ్వవిద్యాలయాల కన్నా చిన్న క్రైస్తవ సంస్థలకే సులువని నా అభిప్రాయం.

నాకు ఈ అభిప్రాయం కలిగింది ఉత్తర చెన్నైలోని ఒక ఈ-సేవ కేంద్రం దగ్గర. నగరాన్ని ఊడ్చి శుభ్రం చేసే కార్మికుల్లో తరాల కిందట తెలుగు జిల్లాల నుంచి వచ్చిన, ఆది ఆంధ్ర అనే షెడ్యూల్డ్ కుల కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. వారి ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. అలాంటి ఇంటి పెద్దావిడ ఒకరు మనవరాలి కమ్యూనిటీ సర్టిఫికెట్ (కుల ధ్రువీకరణ పత్రం) కోసం వచ్చారు. ఆవిడ పేరు రేషన్ కార్డులో ‘అమ్మ’ అని, ఆధార్‌లో ‘అమ్మాళ్’ అని ముగుస్తుంది. కొడుకు బడి టీసీలో ఇంటిపేరు పొడి అక్షరం ఉంది, మిగతా కాగితాల్లో తమిళనాడు పద్ధతి ప్రకారం తండ్రి పేరు తొలి అక్షరం ఉంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువేమిటని కౌంటరులోని యువకుడు అడిగాడు. అతను అడిగింది తప్పు కాదు, అతని తెరమీద ఉన్న గడి అదే అడుగుతుంది.

ఫీల్డ్ వర్క్ కోసం అక్కడికి వచ్చిన సోషల్ వర్క్ అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో మాట కలిపింది. అరగంటలో కుటుంబం కథంతా బయటికొచ్చింది. మామగారు కార్పొరేషన్‌లో పనిచేసేవారనీ, ఆయన పాత గుర్తింపు కార్డు ఇంట్లో బియ్యం డబ్బాలో ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచామనీ ఆవిడ మాటల మధ్యలో అన్నారు. ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్న అమ్మాయికి ఆ కార్డు విలువ తెలియదు. అదే రోజు సర్వే కోసం వచ్చిన పాలనాశాస్త్రం విద్యార్థి ఆ మాట విని నిలబడిపోయాడు. షెడ్యూల్డ్ కులాల జాబితాను రాష్ట్రాలవారీగా ప్రకటించిన రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10 నాటిది. ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లినవారి వెంట మరో రాష్ట్రానికి రాదని, తెనాలిలో పుట్టి మహారాష్ట్రలో చదువుకున్న మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల కుటుంబం ఇక్కడికి ఎప్పుడు వచ్చిందన్నది తేల్చవలసిన ప్రశ్న, దానికి ఆ పాత కార్డు రుజువు కాగలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు నెల్లూరు నుంచి చెన్నపట్నం రావడం రాష్ట్రం మారడం కిందికే రాదు. తమిళనాడు జాబితాలో ఆది ఆంధ్ర పేరు ఉండనే ఉంది. ఇదంతా అతనికి తెలుసు. కానీ ఆ డబ్బా సంగతి ఆవిడ చేత చెప్పించడం అతనివల్ల అయ్యేది కాదు.

ఈ రెండు విద్యల పుట్టుకలోనే క్రైస్తవ విద్యాసంస్థల, మిషనరీల పాత్ర ఉంది. పాలనాశాస్త్రానికి మొదటి వ్యాసంగా అందరూ చెప్పేదాన్ని తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ 1887లో ప్రచురించినప్పుడు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు స్థాపించి రెండేళ్లు మాత్రమే అయిన బ్రిన్ మార్ అనే చిన్న మహిళా కళాశాలలో ఆయన అధ్యాపకుడు. మన దేశంలో సోషల్ వర్క్ చదువుకు 1936లో బొంబాయిలో తొలి విద్యాలయం వెలిసినప్పుడు, దానికి మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ. బొంబాయిలోని నాగ్‌పాడా పేదల మధ్య దశాబ్దం పాటు పనిచేసిన అనుభవంతో ఆయన ఆ బాధ్యత తీసుకున్నారు. 

సంస్థ చిన్నది కావాలని ఎందుకు అంటున్నానంటే, సోషల్ వర్క్ చదువుకు ప్రాణం ఫీల్డ్ వర్క్ నివేదిక. వారంలో రెండు రోజులు బస్తీలోనో ఆసుపత్రిలోనో పనిచేసి, ఎవరు ఏమన్నారో, తానేమన్నదో విద్యార్థి పూసగుచ్చినట్టు రాయాలి. అధ్యాపకుడు దాన్ని చదివి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇక్కడ తొందరపడ్డావు, ఇక్కడ వినలేదు అని చెప్పాలి. పదిమందికి ఇలా చెప్పగలిగిన మనిషి అరవైమందికి చెప్పలేడు. అరవైమంది ఉన్నచోట నివేదిక సంతకం కోసమే మిగులుతుంది. పాలనాశాస్త్రంలో ఇలాంటి సాధన చాలాచోట్ల కొద్ది వారాల ఇంటర్న్‌షిప్‌తో సరి. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో నైతికతపై 250 మార్కుల పేపరు ఉంది, బలహీన వర్గాల పట్ల కరుణ అందులో పాఠ్యాంశమే. దాన్ని గైడు చూసి నేర్చుకునే విద్యార్థిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

క్రైస్తవ సంస్థకు సేవ అనే మాట మతంలో నుంచే వస్తుంది, అది దాని బలం. అయితే దయగా ఇచ్చేదానికీ, హక్కుగా అందవలసినదానికీ తేడాను ఆ సంస్థ తన విద్యార్థులకు గట్టిగా నేర్పాలి. ఆ పెద్దావిడ దానం అడగలేదు, రాజ్యాంగం ఇచ్చినదాన్ని అడిగారు. దాన్ని ఇప్పించే పనికి ప్రార్థనతో గానీ, చర్చికి రమ్మనే పిలుపుతో గానీ ఏ ముడీ ఉండకూడదు. ఉందన్న అనుమానం కలిగినా బస్తీ తలుపులు మూసుకుంటుంది, అలా మూసుకోవడం న్యాయమే. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, అందుకున్న విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు, పరిపాలనా ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆ డబ్బుమీద నడిచిన చిన్న స్వచ్ఛంద సంస్థలు మూతపడితే విద్యార్థులకు ఫీల్డ్ వర్క్ స్థలాలు కరువవుతాయి. అలాంటప్పుడు వార్డు కార్యాలయం, తాలూకా కార్యాలయం, ఈ-సేవ కేంద్రం ఫీల్డ్ వర్క్ స్థలాలు కావాలి, రెండు శాఖల విద్యార్థులు అక్కడికి జంటగా వెళ్లాలి. వారిలో ఒకరికి తెలుగు వస్తే ఉత్తర చెన్నైలో ఆ జంటకు దొరికే చనువు మరెవరికీ దొరకదు.

ఆ కార్డు దొరికింది. దానిమీద అచ్చు చెదిరిపోయినా చేరిన సంవత్సరం చదవడానికి వీలుగా ఉంది. ఇద్దరు విద్యార్థులూ కలిసి, పేర్ల తేడాను వివరిస్తూ ఒక ప్రమాణ పత్రం, కుటుంబం వచ్చిన కాలాన్ని చూపుతూ ఒక విన్నపం తయారుచేశారు. తహసీల్దారు కార్యాలయం రశీదు ఇచ్చింది. ఆ రశీదును కూడా ఆవిడ అదే ప్లాస్టిక్ కవరులో, మామగారి కార్డు వెనకాల పెట్టుకున్నారు.