అప్పు వేరు, అద్దె వేరు

ఓనర్ దగ్గర తీసుకున్న చేబదులు అద్దెకున్నాయన తీర్చకపోతే ఇల్లు ఖాళీ చేయించొచ్చని ఒక వ్యాసంలో రాశారు. అలా కుదరదండీ. అద్దె సరిగ్గా కడుతుంటే, అప్పు ఎగ్గొట్టాడని తాళం వేసినా, కరెంటు తీయించినా ఓనరే చిక్కుల్లో పడతాడు. అప్పు కోసం సివిల్ కోర్టులో విడిగా దావా వేయాల్సిందే.

మా బావగారిది ఇందుకు తిరగేసిన కథ. ఓనరే ఆయన దగ్గర అప్పు తీసుకున్నాడు. "అద్దెలో పట్టుకుంటాలే" అని ఈయన రెండు నెలలు కట్టడం మానేశారు. అలా అద్దెలో సర్దుకోవచ్చని కాగితం మీద ఒప్పందం లేదు. అద్దె బకాయి పడ్డారు, ఖాళీ చేయండంటూ నోటీసు వచ్చింది! దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

అన్నిటికంటే ముఖ్యం గడువు. 1963 నాటి మన కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా పడాలి. ఓనర్ బావగారికి రాసిచ్చిన నోటుకు ఇరవై రోజులే మిగిలాయి. లాయరు గారు ఓనర్‌తో కొంత కట్టించి, నోటు వెనక ఆయన చేతే ఇంత కట్టానని చెల్లు రాయించి, తేదీ, సంతకం పెట్టించారు. అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు. అప్పుకి ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే మాత్రం ఇంకా తొందర: చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లోపే, డబ్బు కట్టమని చెక్కు ఇచ్చినాయనకు నోటీసు పంపాలి.