పెరడు మనదే, షెడ్డు మాత్రం సర్కారుది

చెన్నై మహానగరానికి పొంచి ఉన్న ప్రమాదాల్లో పెరటి షెడ్డుకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. వరదలంటారు, తుపాన్లంటారు, ట్రాఫిక్ అంటారు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పైన రేకులు, ముందు ఒక తలుపు ఉన్న కట్టడం గురించి మాత్రం ఏ పత్రికా సంపాదకీయం రాయదు. ఆ లోటు ఎవరో ఒకరు తీర్చాలి కదా.

చట్టం మాత్రం ఈ ప్రమాదాన్ని ఏనాడో పసిగట్టింది. 1919 నాటి మద్రాసు నగర మునిసిపల్ చట్టంలో భవనం అంటే ఏమిటో నిర్వచించిన పెద్దలు ఇల్లు, అవుట్‌హౌసు, గుర్రపుశాల, మరుగుదొడ్డి, షెడ్డు, గుడిసె అన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. ఇటుకతో కట్టినా, చెక్కతో కట్టినా, మట్టితో కట్టినా, ఇనుముతో కట్టినా భవనం భవనమే. అంటే కార్పొరేషన్ కొలువున్న, తెల్లగా మెరిసే రిప్పన్ బిల్డింగూ భవనమే, మా బావగారు పాత సైకిలు పెట్టుకోవడానికి కట్టాలనుకున్న కొట్టూ భవనమే. రాజ్యాంగం కంటే 30 ఏళ్ల ముందే ఈ ఊళ్లో సమానత్వం వచ్చింది. మనమే గమనించలేదు.

మా బావగారిది పెరంబూరులో ముప్పాతిక గ్రౌండు స్థలం. గ్రౌండంటే 2400 చదరపు అడుగులని ఆంధ్రా నుంచి కొత్తగా దిగినవాళ్ల కోసం చెబుతున్నాను. వాళ్ల తాతగారు రైల్వే ఉద్యోగానికొచ్చి, ఇక్కడే స్థిరపడి, జీతంలో మిగిల్చి కొన్న ఇల్లు. ఆ తాతగారు కుర్రవాడిగా ఉన్న రోజుల్లో ‘మదరాసు మనదే’ అని మనవాళ్లు ఊరేగింపులు తీశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మదరాసు రాలేదు. సరే, అయిందేదో అయింది. మనవడు ఇప్పుడు మదరాసు అడగడం లేదు. పెరడు మనదే అంటున్నాడు, అదీ వెనక మూల ఒక్కటే. అక్కడ షెడ్డు కట్టుకుంటానని అనుమతి అడిగితే, ఆ పెరడు మనదేననడానికి ఆఫీసువాళ్లు రుజువులు పట్టుకురమ్మన్నారు.

రుజువులంటే దస్తావేజు, పట్టా, విల్లంగం సర్టిఫికెట్ (మన ఈసీ), ఎఫ్ఎంబీ స్కెచ్ అనే సర్వే కొలతల పటం, ఇంటిపన్ను రశీదు. అన్నీ బీరువాలో ఉన్నాయి, బావగారు అన్నీ జెరాక్స్ తీయించారు. చిక్కు అక్కడ రాలేదు. తాతగారి పేరు ముందు అక్షరం దగ్గర వచ్చింది. దస్తావేజులో మన పద్ధతి ప్రకారం ఇంటిపేరు అక్షరం ఉంది. పట్టాలో ఈ ఊరి పద్ధతి ప్రకారం తండ్రి పేరు అక్షరం ఉంది. కాగితాలు చూస్తే ఒకే స్థలానికి ఇద్దరు తాతలు తేలారు. వాళ్లిద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకు రమ్మన్నారు. ఎప్పుడో కాలం చేసిన పెద్దమనిషి ఒక్కడే గాని ఇద్దరు కాడని మనవడు స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాడు. తద్దినం పెట్టేటప్పుడు పురోహితుడు కూడా ఇంత గట్టిగా నిలదీయలేదని మా అక్కయ్య అంది.

తర్వాత ప్లాను. రిజిస్టర్డ్ ఇంజనీరు సంతకం లేనిదే షెడ్డు పుట్టడానికి వీల్లేదు. ఆయన చాలా శ్రద్ధగల మనిషి. పెద్ద కాగితం మీద ఉత్తర దిక్కు బాణం వేసి, షెడ్డు పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, ముందు నుంచి చూస్తే ఒకటి, పక్క నుంచి చూస్తే ఒకటి గీశాడు. చివరగా షెడ్డును నిలువునా కోస్తే లోపల ఏం కనిపిస్తుందో కూడా గీశాడు. ఏమీ కనిపించదు. ఆ ఏమీ లేనితనానికి ఎర్ర సిరాతో కొలతలు వేశాడు. ఆ కాగితాన్ని నేను చాలాసేపు చూశాను. మన వేదాంతులు నేతి, నేతి (ఇది కాదు, ఇది కాదు) అని వదిలేసిన పనిని ఈయన స్కేలు పెట్టి పూర్తి చేశాడనిపించింది. ఫీజు మాత్రం వేదాంతంలా లేదు. తలుపు, తాళం కలిపినా అంత కాదు.

మధ్యలో వాస్తు సిద్ధాంతి గారి ఆమోదం కూడా కావలసి వచ్చింది. అది లేకుండా మా అక్కయ్య గునపం వెయ్యనివ్వదు. ఆయన స్కూటర్ దిగి, పెరట్లో నిలబడి, ఈశాన్యంలో బరువు పనికిరాదని, నైరుతిలో పెడితే దివ్యంగా ఉంటుందని, ఇచ్చిన కాఫీ చల్లారేలోపే తేల్చేశాడు. దరఖాస్తు లేదు, క్యూ లేదు, సర్వర్ డౌన్ లేదు, దక్షిణ కూడా ఇంత అని ముందే చెప్పాడు. నైరుతిలో మాత్రం ప్రహరీ నుంచి వదలాల్సిన ఖాళీ అడ్డొచ్చింది. ఖాళీ వదిలితే షెడ్డు నడిమధ్యకు, బ్రహ్మస్థానంలోకి వస్తుంది. బ్రహ్మస్థానంలో చీపుర్లు పెట్టడానికి సిద్ధాంతి ఒప్పుకోడు, గోడకు ఆనించడానికి రూలు ఒప్పుకోదు. ఇద్దరికీ నచ్చే చోటు ఒక్కటే కనిపించింది. అది పక్కింటివాళ్లది.

ఇక కౌంటరు. ఆ ఆఫీసు ఏదో, ఏ జోన్‌దో చెప్పను. వాళ్లు తమ పని తాము చేశారు, పేరు పెట్టి పొగిడితే దిష్టి తగులుతుంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక అసిస్టెంటు ఫైలు తిరగేశాడు.

“సార్, వాడుక ఏమని రాయాలి? నివాసమా, వాణిజ్యమా, పరిశ్రమా?”

“సామాన్లు పెట్టుకోవడానికండి.”

“సామాన్లంటే గోడౌన్. గోడౌన్ అంటే వాణిజ్యం.”

“అయ్యో, వ్యాపారం ఏమీ లేదండి. పాత సైకిలు, ఆవకాయ జాడీలు, పిల్లల ఉయ్యాల.”

“అయితే నివాసం. అందులో ఎవరు నివసిస్తారు?”

బావగారు బొత్తిగా అబద్ధమాడలేని మనిషి. “బల్లులండి,” అన్నారు.

అసిస్టెంటు నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఫైలు మీద పెన్సిలుతో ఏదో రాసి, సైటు చూడ్డానికి మనిషి వస్తాడని చెప్పాడు. సైటంటే ఒక జామచెట్టు, దాని కింద బట్టలుతికే రాయి. చూడ్డానికి వచ్చే మనిషి ఎప్పుడొస్తాడన్న ప్రశ్న మాత్రం ఆయన శాఖలోకి రాదట.

అనుమతి అడగడమే దౌర్జన్యమని నేననను. ఈ ఊళ్లో రేకుల షెడ్డుకు ఎదిగే గుణం ఉంది. మొదటి ఏడాది అందులో సైకిలు ఉంటుంది. రెండో ఏడాదికి సిమెంటు గచ్చు వస్తుంది. మూడో ఏడాది ఒక మూల నీళ్ల కొళాయి పుడుతుంది. ఆ తర్వాత ఒక బ్యాచిలర్ కుర్రాడు లుంగీతో పళ్లు తోముకుంటూ బయటికొచ్చి మనకు నమస్కారం పెడతాడు. సందులో ఖాళీ పోయి, నిప్పంటుకుంటే ఫైర్ ఇంజన్ పైపు కూడా దూరని ఇళ్లు ఇలా తయారైనవే. పైగా 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు సరిగా బిగించని రేకులు ఏం చేయగలవో మనమందరం కిటికీల్లోంచి చూశాం. కాబట్టి చూడాలి, అడగాలి. నా ఫిర్యాదల్లా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసే చేతులు ఏనుగు కనబడగానే నమస్కారం పెడుతున్నాయని.

ఏనుగు సంగతికి ముందు ఇల్లు సంగతి చెప్పాలి. 2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వం సెల్ఫ్ సర్టిఫికేషన్ పథకం తెచ్చింది. 2500 చదరపు అడుగుల లోపు స్థలంలో, 3500 చదరపు అడుగుల లోపు ఇల్లు, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు కట్టుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో కాగితాలు పెట్టి, అన్నీ రూలు ప్రకారమేనని తమకు తామే చెప్పుకుంటే వెంటనే అనుమతి వస్తుంది. మంచి పథకం, వెటకారం కాదు. దాన్ని చూసి మా ఇంజనీరు ఇచ్చిన సలహానే నన్ను పట్టి కుదుపుతోంది. “సార్, ఉన్న ఇంటికి షెడ్డు తగిలించడమంటే పాత ప్లాను, కొత్త ప్లాను, వాడుక అంటూ వంద పేచీలు. ఉన్న ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టండి. అందులో ఒక గది పది బై ఎనిమిది పెట్టుకోండి. టెన్షన్ ఉండదు.” సైకిలుకు నీడ కావాలంటే ఇల్లు కూల్చమన్నాడు. చెప్పినవాడి మొహంలో ఎక్కడా పరిహాసం లేదు. బావగారు ఆ రాత్రి నిజంగానే లెక్క వేశారు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఏనుగు. 2014 జూన్ 28 సాయంత్రం చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. పొట్ట చేత పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు అందులో ఉన్నారు. ఆ భవనం దొంగచాటుగా లేచింది కాదు. దానికి అనుమతి ఉంది, ప్లాను ఉంది, ప్లాను మీద స్టాంపు ఉంది. పక్కనే నిలిచిన జోడు టవరును 2016 నవంబరులో పేలుడు పదార్థాలు పెట్టి సర్కారే నేలమట్టం చేసింది. కాగితాలన్నీ ఉన్న 11 అంతస్తులకే అలా జరిగితే, వాడుక ఏమిటో కూడా తేలని ఒక్క అంతస్తు ఇంకెంత ప్రమాదకరమోనని పెద్దలు ఆలోచించి ఉంటారు. అందుకే తాతగారి ఇనిషియల్ దగ్గర అంత పట్టుదల.

అనుమతి ఉన్నవాటి కథ అది. లేనివాటి పట్ల మన ప్రభుత్వాల హృదయం ఇంకా మెత్తన. టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలో 113-ఎ అని ఒక సెక్షన్ పెట్టి, 1999 ఫిబ్రవరి 28కి ముందు అనుమతి లేకుండానో, అనుమతి మీరో లేచిన కట్టడాలను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేస్తామన్నారు. ఇది ఒక్కసారికే అన్నారు. ఆ తర్వాత గడువు జరిపారు, మళ్లీ జరిపారు, కోర్టు కోప్పడింది. ఇంకొన్నాళ్లకు 113-సి వచ్చింది, ఈసారి తేదీ 2007 జూలై 1. ముందుగా వెళ్లి కట్టుకోమంటారా అని అడిగినవాడు కౌంటరు ముందు నిలబడ్డాడు. అడక్కుండా నాలుగంతస్తులు లేపినవాడికి కొత్త సెక్షన్ పుట్టింది. మా బావగారి తప్పేమిటో నాకు ఇక్కడ స్పష్టంగా కనిపించింది. ఆయన అడిగారు.

కనుక ప్రభుత్వానికి నాదొక వినతి. షెడ్డు కట్టదలచినవారు ముందు కనీసం నాలుగు అంతస్తుల షెడ్డు కట్టాలని ఒక నిబంధన తేవాలి. అప్పుడు అధికారులకు తగిన పని దొరుకుతుంది, చర్చలు జరుగుతాయి, కోర్టులో స్టే వస్తుంది, స్టే మీద ఒక తరం హాయిగా కాపురం చేస్తుంది. పది బై ఎనిమిది షెడ్డుకు స్టే ఇమ్మని ఏ లాయరు మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఆ నిబంధన వచ్చేలోపు పాఠకులకు ఒక సలహా మాత్రం ఇవ్వగలను. రేకులు, యాంగిళ్లు, జీఐ పైపులు కొన్న బిల్లులు పారేయకండి. థర్మల్ కాగితం మీది అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి కాబట్టి ఇవ్వాళే జెరాక్స్ తీయించి, పట్టా ఉన్న కవర్లోనే పెట్టండి. 113-డి అంటూ వస్తే అందులో వాళ్లు మొదట అడిగేది తేదీయే.