పడకలు పెరిగాయి, డ్యూటీ చార్టు మాటేమిటి?

మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట అదే దారి పట్టాయి. పెద్ద జబ్బు చేస్తే హైదరాబాద్ బస్సెక్కడం తప్ప మరో దారి ఎరుగని దక్షిణ తెలంగాణకు ఇది చిన్న మార్పు కాదు. అయితే దీనిపై జరిగిన చర్చంతా ఎంబీబీఎస్ సీట్లు, ప్రొఫెసర్ పోస్టుల చుట్టూనే తిరిగింది తప్ప, రాత్రింబవళ్లు రోగి పక్కనుండే నర్సు పని ఎంత పెరిగిందని అడిగినవాళ్లు తక్కువ. నర్సుల అసంతృప్తి అనగానే అందరి చూపూ జీతం మీదికే పోతుంది. జీతం ముఖ్యమే గానీ, అసలు చిక్కు డ్యూటీ చార్టులో ఉందని నా అభిప్రాయం.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం సాధారణ ఆసుపత్రిలో 5 పడకలకు ఒక నర్సు, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉండే బోధనాసుపత్రిలో 3 పడకలకు ఒక నర్సు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. అంటే 36 పడకల వార్డుకు నిన్నటిదాకా ఏడుగురు సరిపోయినా, గేటు మీద బోధనాసుపత్రి బోర్డు పడ్డ రోజు నుంచి 12 మంది కావాలి. ఆ 12 మందీ ఒకేసారి వార్డులో ఉండరు. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 దాకా నడిచే మూడు డ్యూటీలకు పంచితే పూటకు నలుగురు. ప్రమాణం తు.చ. తప్పకుండా పాటించినప్పటి లెక్క ఇది. ఖాళీలు, డిప్యుటేషన్లు (వేరే చోటికి తాత్కాలికంగా పంపడం), ప్రసూతి సెలవులు తీసేస్తే రాత్రిపూట ఒకరో ఇద్దరో మిగులుతారు.

ఆ ఒక్కరు రాత్రి ఎనిమిదింటికి, దిగిపోతున్న నర్సు నుంచి బాధ్యత అందుకుంటూ ప్రతి మంచం దగ్గరా ఆగి, ఎవరికి ఏ మందు నడుస్తోందో, ఎవరి సెలైన్ ఎప్పుడు అయిపోతుందో చూసుకోవాలి. తర్వాత ఇంజెక్షన్లు, బీపీలు, షుగర్ పరీక్షలు. విజయవాడ రహదారి మీదో కర్నూలు రహదారి మీదో ప్రమాదం జరిగితే ఒకేసారి నలుగురైదుగురిని తెస్తారు. ఒకరికి సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం (కాన్యులా) పెడుతుండగానే మూలమంచం నుంచి "సిస్టరమ్మా, గ్లూకోజ్ అయిపోయింది, రక్తం ఎన్కకొస్తుంది" అని కేక వినిపిస్తుంది. ఈ మధ్యలోనే కేస్ షీట్లు, రిజిస్టర్లు, మందుల ఇండెంట్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు. వార్డుబాయ్ కనిపించకపోతే స్ట్రెచర్ తోయడమూ ఆమె వంతే. డాక్టరు ఆలస్యమైనా, బాత్రూంలో నీళ్లు రాకపోయినా బంధువుల కోపం మొదట తగిలేది ఆమెకే. వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే 2008 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం నర్సులకూ వర్తిస్తుంది గానీ, అర్ధరాత్రి వార్డులో ఆమెకు అక్కరకొచ్చేది చట్టం కన్నా తలుపు దగ్గర నిలబడే ఒక సెక్యూరిటీ మనిషి.

నియామకాలు జరగలేదని అనలేం. 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వెలువడి, తర్వాత పెరిగి 7,094కు చేరిన స్టాఫ్ నర్సు పోస్టులకు ఎంపికైనవారికి 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. ఆ ఎంపికలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు వెయిటేజీ (అదనపు మార్కులు) ఇవ్వడం న్యాయమైన పని. అయినా ఆ నియామక పరీక్ష గట్టెక్కనివాళ్లు కొందరు ఇప్పటికీ అవే వార్డుల్లో, అవే ఇంజెక్షన్లు వేస్తూ, ఏజెన్సీ బిల్లు ఎప్పుడు పాసవుతుందా అని ఎదురుచూస్తున్నారు. ఒకే ట్రేలోంచి మందులు తీసే ఇద్దరికి రెండు రకాల జీతాలు, రెండు రకాల సెలవులు ఉన్నచోట మనసు పెట్టి పనిచేయమని ఏ నోటితో చెబుతాం?

ప్రైవేటు సంగతి ఇంకా అధ్వానం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, పడకలు 200 దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. అది సిఫార్సుగానే మిగిలిందని మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఏ చిన్న నర్సింగ్ హోంలో అడిగినా తెలుస్తుంది.

పనిలో తృప్తికి మరో ముఖం ఉంది, దాన్ని మనం దాదాపు పట్టించుకోం. నేర్చుకున్న విద్యను సొంత నిర్ణయంతో వాడే వీలు ఎంత? 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ దీనికి మంచి జవాబు. నర్సులకే 18 నెలలు శిక్షణ ఇచ్చి, సాధారణ కాన్పుల బాధ్యతను వాళ్ల చేతికి అప్పగించాలన్నది దాని ఉద్దేశం. మిగతా విభాగాల్లో పదిహేనేళ్ల అనుభవమున్న నర్సు కూడా నిన్నగాక మొన్న చేరిన హౌస్‌సర్జన్ (శిక్షణలో ఉన్న డాక్టరు) సంతకం కోసం ఆగాల్సిందే. నర్సుల దినోత్సవమని మే 12న కొవ్వొత్తులు వెలిగించి ఫొటోలు దిగే అధికారులు ఈ విషయంపై ఒక్క సమావేశం పెట్టినా బాగుండేది.

గద్వాల, నారాయణపేటల్లో కళాశాలలు ఇంకా పసివే, వార్డులు ఇప్పుడిప్పుడే విస్తరిస్తున్నాయి. కొత్త పడకలు మంజూరు చేసే ఉత్తర్వులోనే మూడు పడకలకు ఒకరు చొప్పున నర్సు పోస్టులు, 30 శాతం సెలవు రిజర్వు, రిజిస్టర్లు రాయడానికి వార్డుకో డేటా ఎంట్రీ ఆపరేటర్ కూడా ఉండేలా చూడటం అక్కడ ఇప్పటికీ సాధ్యమే. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో మాత్రం ఆ పని ఏళ్ల కిందటే జరగాల్సింది.