ఆ తెల్ల డబ్బా తగిలించినంత మాత్రాన లైటు మెత్తబడదు

పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా పిన్ని కొడుకు, వాడికి కెమెరా కూడా లేదు. "ఫ్లాష్ వాడే ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి" అని మొదలై, ఏడు పాయింట్లూ, మధ్యమధ్యలో చేతులు జోడించిన బొమ్మలూ, చివర్లో కొనుక్కునే లింకూ ఉన్న ఆ మెసేజ్ ఈ పెళ్ళిళ్ళ సీజన్లో నాకు ఎన్ని గ్రూపుల్లోంచి వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. అందులో ఉన్న విషయం ఒక్కటే: ఫ్లాష్ తలకి డిఫ్యూజర్ అనే పాలరంగు ప్లాస్టిక్ డోమ్ ఒకటి తగిలిస్తే చాలు, ఎక్కడైనా సరే లైటు మెత్తబడుతుంది, ఇక మీరు స్టూడియో వాళ్ళతో సమానం. ఒకరిద్దరికి మర్యాదగా "కాదురా" అని చెప్పి చూశాను. "ఇంతమంది ఊరికే పంపుతారా అన్నా" అన్నారు. సరే, వరసగా చూద్దాం.

ఒకటో పాయింట్: "డిఫ్యూజర్ కాంతిని చెదరగొట్టి నీడల్ని మెత్తగా చేస్తుంది." చెదరగొట్టే మాట నిజమే. నీడ మెత్తబడేది మాత్రం అందువల్ల కాదు. ముక్కు పక్కన పడే నీడ అంచు గీత గీసినట్టు ఉంటుందా, మెల్లగా కరిగిపోతుందా అన్నది ఆ మొహానికి లైటు ఎంత పెద్దదిగా కనిపిస్తోందన్న దాని మీద ఉంటుంది. సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అంతటివాడూ 15 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి మనకు అర డిగ్రీ మేర మాత్రమే కనిపిస్తాడు కాబట్టే మిట్టమధ్యాహ్నం నీడలు అంత కటువుగా ఉంటాయి. మబ్బు కమ్మిందంటే ఆకాశం మొత్తం లైటైపోతుంది, నీడ వెతుక్కోవాలి. ఫ్లాష్ ముందుభాగం వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్లు. డోమ్ తగిలిస్తే ఇంకో రెండు సెంటీమీటర్లు పెరుగుతుందేమో. మూడు మీటర్ల అవతల నిలబడ్డ పెళ్ళికూతురి మొహానికి ఆ రెండు సెంటీమీటర్లు ఏం తెలుస్తాయి?

రెండో పాయింట్ చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇంటా బయటా ఒకేలా పనిచేస్తుంది, ఆరుబయట జరిగే రాత్రి పెళ్ళిళ్ళకు తప్పనిసరి." ఇది రాసినవాడు రాత్రి ముహూర్తానికి ఒక్క ఫొటో కూడా తీసి ఉండడు. డోమ్ చేసేదల్లా లైటుని నాలుగువైపులకూ విసరడం. చుట్టూ తెల్ల గోడలూ, నెత్తి మీద తెల్ల సీలింగూ ఉంటే విసిరింది వాటికి తగిలి తిరిగొస్తుంది. అప్పుడు మొహాన్ని మెత్తగా చూపించేది గోడ మీంచి వచ్చిన లైటు, గోడ పెద్దది కాబట్టి. పని గోడది, పేరు డబ్బాది. మరి ఫంక్షన్ హాలు వెనక ఖాళీ స్థలంలో వేసిన మండపానికి గోడ ఎక్కడుంది? సీలింగ్ ఎక్కడుంది? తల పైకి వంచి కొట్టిన లైటులో సగానికి పైగా ఆకాశం పాలు. అరుంధతీ నక్షత్రానికి నీడలు పోగొట్టే ఫిల్ లైట్ వేస్తున్నామా?

పోతే పోయిందిలే అనుకోవడానికి అది ఊరికే పోయే లైటు కాదు. డోమ్ రెండు స్టాప్‌ల దాకా తినేస్తుంది. ఒక్కో స్టాప్‌కీ లైటు సగమవుతుంది, అంటే మొహానికి చేరేది పావు వంతు. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్, కెమెరా సెట్టింగులు ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6 దగ్గర 14 మీటర్ల దాకా అందుకునేది, 7 మీటర్లకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి పవర్ పెంచుతారు, ఫుల్ పవర్ మీద కొడితే ఏఏ సెల్స్‌తో నడిచే ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ అవడానికి నాలుగైదు సెకన్లు తీసుకుంటుంది, కొంచెం వాడిన సెల్స్ అయితే ఇంకా ఎక్కువ. మొదటి ముడికి ఫ్లాష్ వెలిగింది. రెండో ముడికి ఇంకా ఛార్జ్ అవుతూ కూర్చుంది. ఇక మూడో ముడికి "పంతులుగారూ, ఒక్క నిమిషం" అని అరవాలి, ఆ అరుపు వీడియోలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంత చేసి వచ్చిన ఫొటోని జూమ్ చేసి చూడండి. బాసికం నీడ కనుబొమల మీద నల్ల గీతలా పడి ఉంటుంది, నుదుటి చెమట మీద తెల్లటి చుక్కలు, జరీ అంచులో అక్కడక్కడా డీటెయిల్ లేకుండా తెల్లగా ఎగిరిపోయిన ముక్కలు, వెనక పూల డెకరేషన్ మీద పెళ్ళికొడుకు చెవి నీడ. డోమ్ లేకుండా కొట్టినా ఇవన్నీ ఉండేవి, కాకపోతే బ్యాటరీ మిగిలేది.

మూడు: "రంగుల షామియానా ఉన్నా డోమ్ పెడితే కలర్ మారదు." షామియానా ఎరుపూ పసుపూ అయితే తిరిగొచ్చే లైటూ ఎరుపూ పసుపే. పెళ్ళికూతురికి పసుపు రాయడం ముత్తైదువుల పని, షామియానాది కాదు.

నాలుగు: "ఖరీదైన డోమ్ అయితే ఇంకా మెత్తని లైటు." సైజు అదే, ప్లాస్టిక్కూ అదే. డబ్బా మీద పేరు మారితే నీడకు తెలియదు.

ఐదు: "రెడ్ ఐ పోతుంది." ఫ్లాష్ లెన్స్‌కి మరీ దగ్గరగా ఉంటే రెడ్ ఐ, అంటే ఫొటోలో కనుపాప ఎర్రగా మెరవడం, వస్తుంది. దూరం జరపండి, పోతుంది. డబ్బాతో పనిలేదు.

ఆరోది ఫొటోగ్రాఫర్లను దాటి ఇళ్ళలోకి వెళ్ళిపోయింది, అదే నా బాధ. "డిఫ్యూజర్ లేని ఫ్లాష్ వల్ల పసిపిల్లల కంటిచూపు పోతుంది, డోమ్ ఉంటే సురక్షితం." మొన్నొక బారసాలలో అమ్మమ్మగారు ఉయ్యాలకి అడ్డంగా నిలబడి "బాబూ, ఆ తెల్లది తగిలించావా?" అని నన్ను నిలదీశారు. ఆవిడని ఏమనగలను? మనవరాలి కళ్ళ గురించి ఆవిడ భయం. ఆ భయం పుట్టించి డోమ్ అమ్ముకునేవాణ్ణి అనాలి. కంటి డాక్టర్లు రెటీనా ఫొటో తీసే ఫండస్ కెమెరాలో ఉండేదీ ఫ్లాషే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఆర్ఓపీ (అలాంటి పిల్లలకి వచ్చే రెటీనా జబ్బు) పరీక్ష చేసేటప్పుడు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి మరీ కంట్లోకి లైటు వేసి చూస్తారు. ఫంక్షన్లో దూరం నుంచి, సెకనులో వెయ్యో వంతు సేపు వెలిగే ఫ్లాష్‌కి చూపు పోతుందంటే ఎలా? మొహానికి ఆనించి కొట్టకూడదు, బిడ్డ ఉలిక్కిపడుతుంది, అంతవరకు అమ్మమ్మగారిదే రైటు, నేనూ దూరం జరిగాను.

అసలు చెప్పాల్సిన మాట ఇంకోటుంది, ఆ మెసేజ్‌లో లేనిది. ఫ్లాష్ ఫొటోలో పిల్లల ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా మెరుస్తూ కనిపిస్తే, అదీ ఒకటికి రెండు ఫొటోల్లో కనిపిస్తే, కెమెరాని తిట్టకుండా కంటి డాక్టరుకి చూపించండి. కన్ను పక్కకి తిరిగి ఉన్నప్పుడు అలా ఊరికే కూడా పడొచ్చు. కానీ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ పసితనంలోనే వస్తుంది, దాని గుర్తుల్లో ఈ తెల్ల మెరుపు ఒకటి, చాలాసార్లు ముందు కనిపెట్టేది ఇంట్లో తీసిన ఫొటో చూసినవాళ్ళే. త్వరగా దొరికితే వైద్యం ఉంది. భయపెట్టి డోమ్ కొనమని చెప్పే మెసేజ్ ఎంత మేలు చేస్తోందో మీరే చూసుకోండి.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి: ఆ డబ్బా నా బ్యాగులోనూ ఉంది. బారసాల జరిగింది అద్దె ఫ్లాట్‌లో, పది బై పన్నెండు గది, తెల్ల గోడలు, చెయ్యెత్తితే ఫ్యాన్ తగిలే సీలింగు, గది నిండా చుట్టాలు, స్టాండు పెట్టడానికి జాగా లేదు. అక్కడ దాన్ని మించింది లేదు. సీలింగుకి బౌన్స్ చేస్తే, అంటే లైటు దానికి కొట్టి తిరిగొచ్చేలా చేస్తే, కళ్ళ కింద పడే నల్లటి నీడల్లోకి కూడా కొంచెం లైటు నింపుతుంది. అతి చవకది కొన్నాను, చక్కగా పనిచేస్తోంది.

ఇక ఏడోది: "అంబ్రెల్లాలు, సాఫ్ట్‌బాక్సులు పాతకాలం సామాను." ఫ్లాష్ లైటుని పెద్ద గుడ్డ మీద పరిచే గొడుగులూ, పెట్టెలూ అవి. ఎందుకో పాతకాలం? మెత్తని లైటు కొనాలంటే వైశాల్యం కొనాలి, అవే వైశాల్యం. 43 అంగుళాల తెల్ల అంబ్రెల్లా కొన్ని వందల్లో వస్తుంది, ఒక స్టాండూ, ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరూ కలుపుకోండి. మనిషికి ఒకటిన్నర మీటర్ల దూరంలో పెట్టి కొట్టి, ఆ ముక్కు నీడని డోమ్ ఫొటో పక్కన పెట్టుకుని చూడండి. కాకపోతే సాఫ్ట్‌బాక్స్ అయినా దూరం పెరిగితే డబ్బాలాగే తయారవుతుంది. 60 సెంటీమీటర్లది నాలుగు మీటర్ల అవతల పెడితే మీటరు దూరంలో పెట్టిన 15 సెంటీమీటర్లదానితో సమానం. ఖర్చే వద్దనుకుంటే తెల్ల థర్మాకోల్ షీటు మీదకి ఫ్లాష్ తిప్పండి, సినిమా షూటింగుల్లో ఎన్నేళ్ళుగానో వాడుతున్నదే. ఆరుబయట అంబ్రెల్లా గాలికి పడిపోతుందంటారా, పడుతుంది, స్టాండు కాలికి ఇసుక సంచి కట్టాలి. సంచి లేకపోతే పెళ్ళికూతురి తమ్ముణ్ణి పట్టుకోమనండి, ఎలాగూ సెల్‌ఫోన్ పట్టుకుని మీ ఫ్రేములోనే అడ్డంగా నిలబడి ఉంటాడు.